కట్లిప్ గారు అందుకోని చెయ్యి

క్రిస్మస్ పండక్కి మా జడ్జిగారికి ఎవరైనా యాపిల్ జామ్ సీసా తెచ్చిస్తే, దాన్ని తిరిగి వాళ్ళ గుమ్మంలో పెట్టి రావాల్సిన పని నాది. చిన్న ఊరు, అందరూ తెలిసినవాళ్ళే. "ఏం డ్రీమా, మా జామ్‌లో విషం కలిపామనుకున్నాడా మీ జడ్జిగారు?" అని చర్చి మెట్ల మీద నన్ను నిలదీసేవారు. ఆయన్ని అడిగే ధైర్యం ఒక్కరికీ లేదు. నన్నయితే ఎవరైనా అడగొచ్చు. నీతి ఆయనది, తిట్లు నావి.

ఆర్వల్ కట్లిప్ ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు జడ్జి. నేను ఆయన దగ్గర సెక్రటరీని. మా వెస్ట్ వర్జీనియా బొగ్గు కొండల్లో పోస్టాఫీసు పై అంతస్తులో మా ఆఫీసు ఉండేది. అసలు కోర్టు ఉన్న పట్నం కొండలు దాటి పూట ప్రయాణం. వాదనలప్పుడు అక్కడికి వెళ్ళడం, విని రావడం, ఇక్కడ కూర్చుని తీర్పులు రాయడం. ఆయన కళ్ళు మసకబారాక కారు నేనే నడిపేదాన్ని. మలుపుల్లో కళ్ళు మూసుకునేవారు. నా డ్రైవింగ్ మీద నమ్మకం లేక కాదు, ఆలోచించుకోవడానికట.

అప్పీళ్ళ కోర్టంటే సాక్షులు ఏడవడం, లాయర్లు బల్ల గుద్దడం ఉండవు. అవన్నీ కిందికోర్టులోనే అయిపోతాయి. పైన ముగ్గురు జడ్జీలు, కింద ఇద్దరు లాయర్లు, మధ్యలో ఒకటే ప్రశ్న: జరిగింది చట్టం ప్రకారం జరిగిందా లేదా. గుసగుస కూడా వినిపించని ఆ గదిలో, మా ఊరి గని కార్మికుడు క్లెల్ కట్లిప్ కొడుకు నల్ల గౌనులో వచ్చి కూర్చుంటే, ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్ళు జలదరించేది. ఇది పొగడ్త కాదు. ఆయన షూ లేసులు కట్టుకోవడం మర్చిపోయి తిరగడం కూడా చూసినదాన్ని నేను.

ఆయన్ని ఈ పదవికి వేసిన రోజు సంగతి ఆయనే చెప్పారు. ప్రమాణం చేసి ఇంటికి వెళ్తే వాళ్ళమ్మ వంటింట్లో మొక్కజొన్న రొట్టె తిరగేస్తోందట.

"ఎన్నేళ్ళ ఉద్యోగంరా?" అంది.

"చచ్చేదాకా అమ్మా. ఎవరూ తీసెయ్యలేరు."

"మరి తప్పు చేస్తే ఎవరు చెప్తారు?"

"పైన సుప్రీంకోర్టు ఉంది."

"నువ్వు రాసిన ప్రతి కాగితం వాళ్ళు చూస్తారా?"

"చూడరు. నూటికి ఒకటి చూస్తే గొప్ప."

ఆవిడ రొట్టె దించి, "అయితే నువ్వే చూసుకోవాలన్నమాట," అందట. ఈ మాట చెప్పినప్పుడల్లా ఆయన నవ్వేవారు. కొన్నాళ్ళకి నవ్వడం మానేశారు. ఎందుకో నాకు తర్వాత తెలిసింది.

ఆ కోర్టుకో అలవాటుంది. వాదనలు ముగియగానే ముగ్గురు జడ్జీలూ బెంచి దిగి వస్తారు. ఇద్దరు లాయర్లతోనూ వరసగా చేతులు కలుపుతారు. గెలవబోయేవాడి చెయ్యీ ఓడబోయేవాడి చెయ్యీ ఒకే తీరుగా పట్టుకోవాలి, ఒకే క్షణం వదలాలి. మొహంలో ఏమీ కనబడకూడదు. కట్లిప్ గారు ఈ పని చేస్తుంటే చూడాలి. అప్పుడే తొలిసారి కోర్టుకొచ్చి మాట తడబడిన కుర్ర లాయరు కూడా ఆ చెయ్యి పట్టుకోగానే నిటారుగా నిలబడేవాడు. దేవుడి ముందు కూడా నాకు అంత భయమూ భక్తీ కలగలేదంటే మా పాస్టరు నొచ్చుకుంటాడు గానీ, నిజం అదే.

ఇక ఆయన తప్పు సంగతి. ఆయన అప్పీళ్ళ కోర్టుకి వచ్చిన కొత్తల్లో రాట్లిఫ్ కేసు వచ్చింది. రాట్లిఫ్ గనిలో పనిచేసి, ఊపిరితిత్తుల నిండా బొగ్గుధూళి నింపుకుని పోయాడని ఆయన భార్య అంది. పడుకుంటే ఊపిరాడక రోజూ కుర్చీలో కూర్చునే నిద్రపోయేవాడని చెప్పింది. కంపెనీ తెచ్చిన డాక్టరు ఎక్స్‌రే చూసి, ధూళి జబ్బు లేదు, గుండె జబ్బని చెప్పాడు. కిందికోర్టు జడ్జి ఆవిడ మాటే నమ్మాడు. కంపెనీ పైకి వచ్చింది. తీర్పు రాయడం కట్లిప్ గారి వంతయింది. ఇంటివాళ్ళు కళ్ళతో చూసింది ఎంత నిజమైనా, డాక్టరు చదివిన ఎక్స్‌రేకి ఎదురుగా తూకంలో పెట్టడానికి వీల్లేదని రాశారు. ఆ వితంతువుకి కంపెనీ ఇవ్వాల్సిన పెన్షను పోయింది.

పట్నం పేపర్లు మెచ్చుకున్నాయి. గని కార్మికుడి కొడుకై ఉండి కూడా తనవాళ్ళ వైపు మొగ్గలేదని రాశాయి. తీర్పు వచ్చిన మధ్యాహ్నమే వాళ్ళమ్మ ఫోన్ చేసింది. నేనే కలిపాను. ఆవిడ రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసింది. ఏమన్నదో ఆయన అప్పుడు చెప్పలేదు.

మా కోర్టులో ముగ్గురు జడ్జీలు ఒకసారి చెప్పిందాన్ని ఆ తర్వాత వచ్చే ఏ ముగ్గురూ కాదనకూడదు. కాదనాలంటే జడ్జీలందరూ కలిసి ఫుల్ బెంచి కూర్చోవాలి, లేదా సుప్రీంకోర్టు చెప్పాలి. కాబట్టి రాట్లిఫ్ తీర్పు అలాగే నిలబడింది. కొండల్లో ఏ వితంతువు కోర్టుకెక్కినా కంపెనీ లాయర్లు దాన్ని తెచ్చి ముందు పెట్టేవారు. జడ్జి కట్లిప్ గారి సుప్రసిద్ధ తీర్పు అంటూ వంగి వంగి దండాలు. ఆయన ఎదుటే అలా అన్నప్పుడల్లా మా జడ్జిగారు కాగితాల్లోకి తల దించుకునేవారు. ఒక జడ్జి తనకి కావాల్సిన కేసు వెతుక్కుంటూ వెళ్ళడానికి లేదు. కేసు తనంతట తాను రావాలి, కేసులు పంచే లాటరీలో తను ఉన్న ముగ్గురి ముందే పడాలి. రాట్లిఫ్ ముసలామె ఎదురుచూసే ఓపిక లేక పోయింది కూడా.

చివరికి ఓపల్ కెగ్లీ అనే వితంతువు కేసు వచ్చింది.

ఆ ఉదయం కారెక్కుతూ ఆయన మాంసం కూరిన రొట్టె, పెప్పరోని రోల్, ఒక్క ముక్క కొరికి, కాగితంలో చుట్టి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. ఆయన తిండి వదిలేశారంటే జ్వరమన్నా ఉండాలి, కేసన్నా ఉండాలి.

"ఏమైంది?" అన్నాను.

"డెన్వర్ కెగ్లీ కుర్చీలో కూర్చుని నిద్రపోయేవాడట, డ్రీమా. వాళ్ళావిడ చెప్పింది. కంపెనీ డాక్టరు కాదన్నాడు."

"మీ పాత తీర్పుండగా ఇంక కేసేముంది?"

"అదే." కొండ మలుపుల్లో కళ్ళు మూసుకున్నారు. దిగాక చెప్పారు. "రాట్లిఫ్ తీర్పు వచ్చిన రోజు మా అమ్మ ఫోన్ చేసింది గుర్తుందా? 'మీ నాన్న ఎక్కడ పడుకునేవాడో మర్చిపోయావురా' అంది. మా నాన్నా కుర్చీలోనే పడుకునేవాడు. రాత్రంతా ఈల వేసినట్టు ఊపిరి. మర్చిపోలేదు డ్రీమా. గుర్తుంది కాబట్టే అటు చూడలేదు. నావాళ్ళకి చేశానంటారేమోనని భయమేసి, వెనక్కి వంగి వంగి అవతలివైపు పడిపోయాను."

నేను స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను. జడ్జి అన్న మనిషి తన సెక్రటరీతో అనాల్సిన మాటలు కావవి.

కోర్టులో ఓపల్ తరఫున ఫీజు లేకుండా వాదించడానికి వచ్చిన కుర్ర లాయరు లేచాడు. కట్లిప్ గారు ముందుకి వంగి, "రాట్లిఫ్ తీర్పు మా ముగ్గుర్నీ కట్టేస్తుందా?" అని అడిగారు.

"కట్టేస్తుంది సార్."

"ఆ తీర్పు సరైనదేనా?"

అతను తన కాగితాల వైపు చూసుకున్నాడు. రాసినాయన ఎదురుగా కూర్చుని అడుగుతున్నాడు మరి.

"చెప్పు నాయనా. చెప్పడానికే వచ్చావు."

"తప్పు సార్," అన్నాడు. "థాంక్యూ," అన్నారు జడ్జిగారు, నీళ్ళు అడిగితే ఇచ్చినవాడికి చెప్పినంత మామూలుగా.

వాదనలయ్యాక ముగ్గురూ దిగి వచ్చారు. లాయర్లకి చేతులిచ్చారు. లాయర్ల వెనక కొయ్య రెయిలింగ్ ఉంటుంది, దాని అవతల జనం. ముందు వరసలో ఓపల్ కెగ్లీ లేచి నిలబడి, రెయిలింగ్ మీంచి చెయ్యి చాచింది. డెబ్బై దాటిన మనిషి. మంచి బట్టలే వేసుకుంది కానీ చెయ్యి మాత్రం పనిచేసిన చెయ్యి, వేళ్ళ కణుపులు లావెక్కి ఉన్నాయి. కట్లిప్ గారు చూశారు. ఆయన చెయ్యి కాస్త లేచింది. లేచి, గౌనులోకి వెళ్ళిపోయింది. తల వంచి, తిరిగి, తలుపులోంచి లోపలికి వెళ్ళారు.

తీర్పు రాకముందు ఒకవైపు మనిషిని జడ్జి ముట్టుకోకూడదు. లాయర్లయితే ఇద్దరూ ఉన్నారు, ఇద్దరికీ సమానం. కంపెనీకి పట్టుకోవడానికి చెయ్యి ఎక్కడుంది? ఇదంతా నాకు తెలుసు. ఓపల్‌కి తెలియదు. ఆ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది, నేను చూడలేక నా బ్యాగులో లేని వస్తువు వెతుక్కున్నాను.

వసారాలో ఆవిడ నన్ను పట్టుకుంది. "నువ్వాయన మనిషివేనా?"

"అవునండి."

"నా చేతికి మసి అంటుకుందేమో చూడు. చూసి చెప్పు ఆయనకి, కడుక్కునే వచ్చానని."

తిరిగి వస్తుంటే కారులో ఆయన, "ఆ చెయ్యి చూశావా?" అన్నారు. చూశానన్నాను. "మా అమ్మ చెయ్యే అది," అని కళ్ళు మూసుకున్నారు.

తర్వాతి వారం జడ్జి లెనోరా విట్‌కమ్ ఫోన్ చేశారు. ఆ ముగ్గురిలో ఆవిడ ఒకరు. కట్లిప్ గారికి వినికిడి కూడా తగ్గింది కాబట్టి స్పీకర్ పెట్టాను.

"ఆర్వల్, ఓ దారుంది," అన్నారావిడ. "రాట్లిఫ్ భార్య రాత్రి సంగతులే చెప్పింది. కెగ్లీ భార్య పగలు ఆయాసపడింది కూడా చెప్పింది. ఈ కేసు వేరు, ఆ తీర్పు దీనికి వర్తించదు అని రాసెయ్యి. నేను నీతో ఉంటాను. ఇద్దరమైతే సరిపోతుంది, ఆవిడ గెలుస్తుంది."

"ప్రయత్నిస్తాను లెనోరా," అన్నారు.

ప్రయత్నించారు. రోజూ రాయడం, చదవడం, చింపడం. బుట్ట ఖాళీ చెయ్యలేక నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఒక రోజు కలం కింద పెట్టేశారు.

"రాస్తే నిలబడట్లేదు డ్రీమా. పగలు ఆయాసం, రాత్రి ఆయాసం, ఏమిటి తేడా? చదివిన ఎవడికైనా తెలిసిపోతుంది నేను అబద్ధం ఆడుతున్నానని."

"నిలబడకపోతే గోడకి చేరేసి నిలబెట్టండి," అన్నాను. నాకు ఒళ్ళు మండింది. "ఆవిడ వయసెంతో చూశారా? ఇద్దరు జడ్జీలున్నారు, దారుంది, ఇంక మీ బెట్టేమిటి?"

"ఓపల్‌ని పక్కసందులోంచి దాటించేస్తాను సరే. ఆవిడ వెనక వచ్చేవాళ్ళకి గోడ అలాగే ఉంటుంది కదా. కట్టింది నేను."

"ఫుల్ బెంచి కూర్చోనంటే?"

"కూర్చోనంటే ఓపల్ నావల్ల ఓడిపోతుంది." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నాకది తెలియదనుకుంటున్నావా?"

ఆ వారమంతా ఆయన కాఫీ నేను కావాలనే చల్లారబెట్టి ఇచ్చాను. ఆయన కిక్కురుమనకుండా తాగేశారు.

తీర్పు వచ్చింది. ముగ్గురూ ఓపల్‌కి వ్యతిరేకంగానే. రాట్లిఫ్ తీర్పు ఉంది కాబట్టి వేరే గతి లేదని ముక్తసరిగా రాశారు. దాని కింద కట్లిప్ గారు విడిగా తన పేరు మీద ఒక పేజీ రాశారు. దాన్ని టైపు చేసింది నేనే.

"రాట్లిఫ్ తీర్పు రాసింది నేను. అది తప్పు. మా తండ్రి ఊపిరాడక ఏళ్ళ తరబడి కుర్చీలో కూర్చుని నిద్రపోయాడు. మా అమ్మ దాన్ని రోజూ చూసింది. అలాంటి మనిషి మాటకి తూకంలో చోటు లేదని నేను రాశాను. నాకు తెలిసిన సంగతిని, తెలుసన్న కారణానికే పక్కన పెట్టాను. పక్షపాతం చూపిస్తానేమోనన్న భయం కూడా పక్షపాతమే. నా తీర్పు నన్నే కట్టేసింది కనక ఈ రోజు నేను శ్రీమతి కెగ్లీకి న్యాయం చెయ్యలేకపోతున్నాను. నా తోటి జడ్జీలందరూ కలిసి కూర్చుని నా తీర్పుని కొట్టెయ్యాలని కోరుతున్నాను."

జీవితాంతం ఎవరూ కదపలేని కుర్చీలో కూర్చున్న మనిషి, ఎవరూ అడగకుండా, పుస్తకాల్లో కలకాలం ఉండిపోయే చోట, నేను తప్పు చేశానని రాసుకున్నాడు. చల్లారబెట్టిన కాఫీలన్నీ గుర్తొచ్చాయి నాకు. లేచి వేడిగా ఒకటి పెట్టిచ్చాను.

ఓపల్ మాత్రం విలేకరితో ఏమందో మా ఊరి పేపర్లో వచ్చింది. "తప్పని రాసిందీ ఆయనే, ఓడించిందీ ఆయనే. ఇదేం కోర్టు నాయనా?" జడ్జిగారు అది చదివి, "న్యాయమైన ప్రశ్నే," అన్నారు.

ఫుల్ బెంచి కూర్చోడానికి ఒప్పుకుంది. ఆయన అప్పటికి వయసు రీత్యా పని సగం తగ్గించుకున్నారు. అలాంటి పెద్దజడ్జీలు మామూలుగా ఫుల్ బెంచిలో కూర్చోరు. కానీ మొదటి ముగ్గురిలో ఉన్నవాళ్ళకి ఆ హక్కుంటుంది. రెండు వరసల్లో జడ్జీలందరూ కూర్చుంటే గది ఇరుకైపోయింది. కంపెనీ లాయరు ఈసారి సుప్రసిద్ధ తీర్పు అని వంగుతూ అనలేకపోయాడు. చివర్లో అందరూ దిగి చేతులు కలిపారు. నేను ఓపల్ వైపే చూస్తున్నాను. ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు కింద దాచుకుని కూర్చుంది. కట్లిప్ గారు ఆ బ్యాగు వైపు ఒక్కసారి చూసి వెళ్ళిపోయారు.

నెలలు గడిచాయి. రాట్లిఫ్ తీర్పు కొట్టేశారు, ఒకే ఒక్క ఓటు తేడాతో. ఆయన ఆ ఓటు వెయ్యకపోతే గోడ ఇంకా అక్కడే ఉండేది. ఓపల్ మాట కూడా తూకంలో పెట్టి మళ్ళీ తేల్చమని కేసు కిందికి పంపారు.

"ఇంక వెళ్ళి పలకరించొచ్చుగా," అన్నాను.

"కేసు కిందుంది. మళ్ళీ పైకి రావచ్చు."

కింద తేల్చేశారు. ఓపల్‌కి పెన్షను వచ్చింది, కంపెనీ మళ్ళీ పైకి రాలేదు. నేను మళ్ళీ గుర్తు చేశాను.

"ఆవిడ ఉండే లోయలో ఇంకా ఎన్ని ఇళ్ళవాళ్ళ కేసులున్నాయో నీకు తెలుసుగా. జడ్జి ఒక గుమ్మం ఎక్కాడంటే మిగతావాళ్ళు ఏమనుకోవాలి?"

మీతో వేగడం ఎవరి తరమని విసుక్కున్నాను. ఆ వసంతంలో ఆయన నాచేత ప్రెసిడెంటుగారికి ఒక్క వాక్యం ఉత్తరం టైపు చేయించారు. పదవి వదులుకుంటున్నానని. అప్పీళ్ళ కోర్టు జడ్జీలు పోయేదాకా ఆ కుర్చీలో ఉంటారు, కాలూ చెయ్యీ ఆడకపోయినా ఉంటారు. "కళ్ళు కనబడట్లేదు," అన్నారు అడిగినవాళ్ళందరితో. కళ్ళు చాలా ఏళ్ళుగా కనబడట్లేదు.

ఆఖరి రోజు గౌను మడిచి నా చేతిలో పెట్టి కారెక్కారు.

"ఇంటికి కాదు డ్రీమా. కెగ్లీ వాళ్ళింటికి."

ఓపల్ వరండాలో కూర్చుని ఒళ్ళో గిన్నె పెట్టుకుని బీన్స్ తుంచుతోంది. కారు దిగినాయన్ని తేరిపార చూసింది. లేవలేదు.

"గౌనేదీ?" అంది.

"ఇచ్చేశాను."

"తీసేశారా?"

"నన్ను తీసేసేవాళ్ళు ఎవరూ లేరు ఓపల్ గారూ. నేనే మానేశాను."

వరండాకి నడుమెత్తు చెక్క రెయిలింగ్ ఉంది. ఆయన మెట్లెక్కకుండా కిందే నిలబడి, దాని మీంచి చెయ్యి చాచారు.

ఓపల్ ఆ చెయ్యి చూసింది. మళ్ళీ బీన్స్ వైపు తిరిగింది. "కాసేపలా ఉండనీ," అంది. "ఆ రోజు నాదీ అలాగే ఉంది."

ఆయన దించలేదు. ఆవిడ ఒక్కో కాయా ఈనె తీసి, తుంచి, గిన్నెలో వేసింది. తొందరపడలేదు. కారు పక్కన నిలబడి నేను ఆయన భుజం సన్నగా వణకడం చూశాను. వెళ్ళి పట్టుకోవాలనిపించింది, కానీ నా పని కాదది. ఒళ్ళో కాయలన్నీ అయిపోయాక ఓపల్ గిన్నె పక్కన పెట్టి లేచి, ఏప్రన్‌కి చెయ్యి తుడుచుకుంది. రెండు వైపులా తుడుచుకుంది. అప్పుడు పట్టుకుంది. లాయర్ల చేతులు పట్టుకున్నట్టు ఒక్క క్షణంలో వదల్లేదు. ఆ చెయ్యి పట్టుకునే ఆయన్ని మెట్లెక్కించి లోపలికి తీసుకెళ్ళింది.

కిటికీ దగ్గర డెన్వర్ కెగ్లీ కుర్చీ అలాగే ఉంది. కూర్చోమంది. ఆయన కూర్చోలేదు. వంగి, కుర్చీ చేతుల మీద బట్ట అరిగి చెక్క కనబడుతున్న చోటుని వేళ్ళతో తడిమి చూశారు. రాత్రంతా ఊపిరి కోసం పట్టుకుని పట్టుకుని అరగదీసిన చోటు.

"మా నాన్నదీ ఇక్కడే అరిగింది," అన్నారు.

"తెలుసు," అంది ఓపల్. "నువ్వు రాసింది చదివాను."